నిండు నిమిషం

అక్కా,

ఫోన్లో చెప్పాల్సిన కబురు ఇది. పొద్దుటినుంచి మూడుసార్లు నీ నంబరు నొక్కి మూడుసార్లూ కట్ చేశాను. నీ గొంతు వింటే మంచి ముక్క చెప్పేసి చెడ్డ ముక్క మింగేస్తానని నాకు తెలుసు. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ముందు మంచి ముక్క. నా పరిశోధనకు నిధి వచ్చింది! చలి మొదలవగానే మీ పిల్లల వార్డును నింపేసే ఆ వైరస్ గురించే. పెద్దవాళ్ళకు జలుబులా వచ్చి పోతుంది, నెలల పిల్లలకు మాత్రం ఊపిరి గొట్టాలు వాచి ప్రాణం మీదికి తెస్తుంది. నా పరిశోధన మందు గురించి కాదు, చదువు గురించి. మామూలు జలుబుకీ దీనికీ ఉన్న తేడాను వైద్య విద్యార్థుల కంటికి ఎలా నేర్పాలన్నదే ప్రశ్న. "పాఠం చెప్పడానికి పరిశోధన దేనికండీ?" అని మూడేళ్ళుగా తిప్పి పంపినవాళ్ళే ఈసారి రెండేళ్ళకు సరిపడా ఇస్తామన్నారు. రెండు వందల మంది విద్యార్థులు. సగం మందికి మామూలు పాఠం, సగం మందికి మీ వార్డులో తీసిన వీడియోలు చూపిస్తూ కొత్త పద్ధతి. కమిటీ అధ్యక్షురాలు నా చెయ్యి పట్టుకుని, "ఇంత చిన్న పద్ధతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేమిటమ్మా!" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఇక చెడ్డ ముక్క. ఆ పద్ధతి నీది.

హౌస్ సర్జన్‌గా మీ వార్డుకు వచ్చిన మొదటి వారం గుర్తుందా? రెండు నెలల పాప. స్టెతస్కోపు అలా ఆనించి ఇలా తీసి, "జలుబే, ఇంటికి తీసుకెళ్ళండి" అనేశాను. నువ్వు అందరి ముందూ, "డాక్టరమ్మా, చేతులు కట్టుకుని ఒక్క నిమిషం నిలబడండి" అన్నావు. సొంత చెల్లెలిని 'అండి' అన్నావు చూడు, అక్కడే నాకు చెమటలు పట్టాయి. పాపను తల్లి ఒళ్ళోనే ఉంచి, కప్పిన గుడ్డ తీయించి, నాన్న తన కొట్లో బాగుచేసి నీకిచ్చిన గడియారం వంక ఓ కన్నేసి నిలబడ్డావు. నేనూ నిలబడ్డాను. ముట్టుకోకుండా చూస్తే అప్పుడు కనిపించాయి, ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి లాక్కుపోతున్న డొక్కలు. వెంటనే పెద్ద డాక్టరు కోసం పరిగెత్తాను. పాప బతికింది. పిల్ల డాక్టర్లంతా నిన్ను నిమిషం సిస్టర్ అని ఎందుకంటారో నాకు ఆరోజే తెలిసింది.

దరఖాస్తులో అదంతా నేనే కనిపెట్టినట్టు రాశాను. నర్సు చెప్పిందంటే తేలిగ్గా చూస్తారని తోటి డాక్టరొకాయన అన్నాడు. ఆయన అనకపోయినా నీ పేరు పెట్టేదాన్నో లేదో నాకే అనుమానం. పైగా నీ నిమిషాన్ని అర నిమిషం చేశాను. పాప ఎన్నిసార్లు ఊపిరి తీసిందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసుకుంటే చాలన్నాను, ఎలాగూ అందరం చేసే పనే కదా అని. మార్చాను కాబట్టి ఇక నాదే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఎలాగూ మొదలుపెట్టాను, ఇంకోటి కూడా చెప్పేస్తాను. రెండేళ్ళ కిందట నువ్వు మా కాలేజీకి వచ్చినప్పుడు, యూనిఫాంలో ఉన్నావని, మా ప్రొఫెసరుకు నిన్ను "తెలిసినావిడ" అని పరిచయం చేశాను. నువ్వు నమస్కారం పెట్టి, ఇచ్చిన టీ తాగి, మాట్లాడకుండా వెళ్ళిపోయావు. నిధి వచ్చిందని అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఆ టీ కప్పే కళ్ళ ముందు మెదిలింది. సిగ్గుతో చచ్చిపోయాను అక్కా.

నిన్ననే కమిటీకి నిజం రాసి పంపేశాను. నిధి వెనక్కి పోవచ్చు. పోతే పోనీ అనడానికి నాకింకా నోరు రావడం లేదు. దరఖాస్తు కాపీ దీనితోపాటు పంపుతున్నాను. చదివి, తిట్టాల్సినంత తిట్టు.

నీ గడుగ్గాయి


గడుగ్గాయీ,

'తెలిసినావిడ' సంగతి ముందు తేల్చేద్దాం. బాధపడ్డాను. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను కూడా. అబ్బే, ఏమీ అనుకోలేదే అంటే నీ మనసు తేలికపడుతుంది గానీ నేను అబద్ధాలకోరునవుతాను. నీ ఫీజు కోసం నేను అదనపు డ్యూటీలు చేసిన రోజుల్లో కూడా అంత అలసట రాలేదు నాకు. ఇప్పుడు నీ అంతట నువ్వే చెప్పావు కనుక ఆ మాట ఇక్కడితో అయిపోయింది. మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను.

నీ దరఖాస్తు మాత్రం అయిపోలేదు. మధ్యాహ్నం నర్సుల గదిలో అన్నం పక్కన పెట్టుకుని చదివాను. అన్నం చల్లారిపోయింది, నాకు ఒళ్ళు మండిపోయింది. నా పేరు లేనందుకు కాదు. దొంగిలించినదానివి సరిగ్గా దొంగిలించవద్దూ! అర నిమిషమా? నిండు నిమిషం లెక్కపెట్టాలని పుస్తకంలోనే ఉంది, ఆ పాఠం చెప్పేదానివీ నువ్వే. పనితొందరలో అందరూ సగానికి ఆపేస్తారని నువ్వూ ఆపేయడమేనా?

ఆరోజు డొక్కలు కనపడగానే నువ్వు పరిగెత్తావు. నేను పాప దగ్గరే నిలబడ్డాను. నలభై సెకన్లు దాటాయో లేదో ఆ పాప ఊపిరి ఆగిపోయింది. ఏడుపు లేదు, చప్పుడు లేదు, నిద్రపోతున్నట్టే ఉంది. తల్లికి కూడా తెలియలేదు. అరికాలు గట్టిగా రుద్దితే మళ్ళీ పీల్చింది. నువ్వు పెద్ద డాక్టర్ని వెంటబెట్టుకొచ్చేసరికి ఆక్సిజన్ కూడా పెట్టేశాం. అంతా కేస్‌షీట్‌లో రాశాను. నర్సులు రాసిన పేజీ మీరెవరైనా తిప్పి చూస్తేగా!

రెండు వందల మందికి అర నిమిషం నేర్పి పంపించడం కన్నా నీకు ఆ నిధి రాకపోవడమే నయం. ఆ వీడియోలు కూడా సగానికి కత్తిరించావట కదా. కత్తిరించనివి దాచి ఉంటే, మా వార్డులో తీసినవాటిలో ఏడోది బయటికి తియ్యి. కమిటీవాళ్ళు పిలిస్తే నేనూ వస్తాను. నా పేరు కోసం కాదులే. అబద్ధం ఎందుకు, పేరు కోసం కూడానే.

అర నిమిషం డాక్టరమ్మకు,
తెలిసినావిడ


నాన్నా,

కొట్టు తలుపు తీయకముందే ఈ ఉత్తరం చదివెయ్యి. గడియారం ఒకటి విప్పి ముందేసుకున్నావంటే నీకిక లోకం కనపడదు. అక్క ఫోన్ చేసి "పనైంది నాన్నా" అని రెండు ముక్కలతో సరిపెట్టి ఉంటుంది. ఆవిడ తన గొప్ప తను చెప్పుకునే రకం కాదు కదా. నేను చెబుతాను విను.

కమిటీ మమ్మల్ని పిలిచింది. బల్ల చుట్టూ ఐదుగురు. కాలేజీ తరఫున మా ప్రొఫెసరు ఓ మూల కూర్చున్నారు. అక్క డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది, జేబు దగ్గర నీ గడియారం. అధ్యక్షురాలు, "నిజం రాసినందుకు సంతోషమే. కానీ అబద్ధం చెప్పి తెచ్చుకున్న నిధిని ఎలా ఉంచమంటారు?" అని సూటిగా అడిగారు. "పద్ధతి ఈవిడది. నేను చెడగొట్టాను. ఈవిడ చెప్పేది విని మీకెలా తోస్తే అలా చెయ్యండి" అన్నాను.

సభ్యుల్లో ఒక పెద్దాయన, "అర నిమిషానికీ నిమిషానికీ అంత తేడా ఏముంటుందమ్మా?" అన్నారు.

"నేను చెబితే ఏం బాగుంటుంది సార్? మీరే లెక్కపెట్టండి" అంది అక్క.

ఏడో వీడియో పెట్టాం. తల్లి ఒళ్ళో మూడు నెలల బాబు, చొక్కా తీసి ఉంది. ఐదుగురూ పెన్నులు పట్టుకుని లెక్కపెట్టారు. అర నిమిషం కాగానే గుణించుకుని, కాగితం మీద అంకె వేసి, పెన్నులు కింద పెట్టారు. "కొంచెం ఎక్కువే, అయినా ఫరవాలేదు" అన్నారు పెద్దాయన.

"ఇంకా అవలేదండీ" అంది అక్క, గడియారం మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

నలభై రెండో సెకను దగ్గర బాబు ఛాతీ కదలడం ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... గదిలో మేమెవరమూ ఊపిరి తీసుకోలేదు నాన్నా. వీడియోలను కత్తిరించమని చెప్పినదాన్ని నేను, ఆ రెండో సగం ఎప్పుడూ చూసినదాన్ని కాదు. అంతలో తెర పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ అరికాలు రుద్దింది. బాబు ఉలిక్కిపడి ఊపిరి పీల్చాడు. పెద్దాయన తను వేసిన అంకెను కొట్టేశారు.

"ఆ బిడ్డ?" అన్నారు అధ్యక్షురాలు.

"మొన్ననే బళ్ళో చేరాడండీ. నన్ను చూస్తే ఇప్పటికీ అరికాళ్ళు దాచుకుంటాడు."

అప్పుడు మూలనుంచి మా ప్రొఫెసరు, "ఈవిడను ఎక్కడో చూశానే. మీకు తెలిసినావిడ కదూ?" అన్నారు నాతో. అక్క నా వైపు చూడలేదు. వంగి గడియారం సర్దుకుంటోంది.

"కాదండీ, మా అక్క. నేను ఈ కోటు వేసుకున్నానంటే ఈవిడ చేసిన డ్యూటీల వల్లే. ఆరోజు మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. గుమ్మం బయట ఉన్నవాళ్ళు కూడా వినేంత గట్టిగా అన్నానట, అక్క తర్వాత వెక్కిరించింది. వెక్కిరిస్తూనే కళ్ళు తుడుచుకుంది.

నిధి ఉంచారు నాన్నా! దరఖాస్తు మొత్తం తిరగరాయాలన్నారు. అర నిమిషాలన్నీ నిండు నిమిషాలు కావాలి. పరిశోధకుల పేర్లలో అక్క పేరు ముందు, నా పేరు వెనక. మొదటి క్లాసులో నా తప్పును నేనే విద్యార్థులకు పాఠంగా చెప్పాలి. శిక్ష అనే అన్నారు గానీ నాకు మాత్రం పండగలా ఉంది.

ఆ క్లాసు నిన్ననే అయింది. నా తప్పు చెప్పేసి వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. వంద మంది కాబోయే డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడితే, అక్క వాళ్ళ మధ్య తిరుగుతూ, "అప్పుడే కదలకండి, ఇంకా ఉంది" అంటోంది. ఆ గొంతు వింటుంటే గర్వం పట్టలేకపోయాను నాన్నా. పక్కనున్న అమ్మాయి, "ఈవిడ ఎవరు మేడమ్? భలే చెబుతున్నారు" అని గుసగుసగా అడిగింది. నిమిషం పూర్తయ్యేదాకా ఉండమని సైగ చేసి, ఆ తర్వాతే చెప్పాను.

నాకూ ఒక గడియారం బాగుచేసి పంపు. సెకన్ల ముల్లు ఉండాలి, ఒక్క టిక్కు కూడా ఎగరగొట్టకూడదు.

నీ చిన్న కూతురు,
నిమిషం సిస్టర్ చెల్లెలు