వేడికి ఆగని ఈస్ట్

అక్కా,

ఫోన్‌లో చెబుదామంటే మాట తడబడుతోంది, అందుకే రాస్తున్నాను.

మా ల్యాబులో నేను పెంచే ఈస్ట్‌లో ఒక జన్యువు చెడిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు ఆ కణాలు మొగ్గ తొడిగి రెండవుతాయి. వేడి తగిలితే మొగ్గ దగ్గరే ఆగిపోతాయి. మూడేళ్లుగా ఒక్కటీ గీత దాటలేదు. పోయిన వారం మాత్రం వేడిపెట్టెలోని పళ్లెంలో ఒక చుక్కంత కణాల గుంపు ఎదిగింది. చెడిన జన్యువు పనిని ఇంకో జన్యువు అందుకుందని మా సారు పొంగిపోయారు. "పరిశోధన పత్రంలో నీ పేరే ముందు వేస్తానమ్మా" అన్నారు.

అయితే ఆ పళ్లెం వేసిన రోజు పొద్దున నేను నీ బేకరీలో ఉన్నాను. పిండి కలిపే ఆవిడ రాలేదంటే నేనే పిసికి, బస్సుకు పరుగెత్తాను. చేతులు కడుక్కున్నానా? నీ ఈస్ట్‌లో ఆ జన్యువు బాగానే ఉంటుంది, వేడిలోనూ ఎదుగుతుంది. "గోళ్లలో పిండి ఉందే, చూసుకో" అని నువ్వు అన్నట్టే ఉంది. అది వేరే రోజేమో అని కూడా అనిపిస్తోంది. కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నానని నవ్వకు. నీ ఈస్ట్ కొంచెం కొత్త డబ్బాలో మూత బిగించి పంపు, పోల్చి చూస్తాను. రెండూ ఒకటే అయితే మూడేళ్లకు నాకు దొరికింది నీ రొట్టెపిండే.

సారుకు ఇవాళ చెప్పేశాను. ఆయన పళ్లెం వంక చూసి, "చెప్పకపోయుంటే బాగుండేది" అన్నారు. అది తిట్టో, బాధో నాకు అర్థం కాలేదు.

నువ్వైతే చెప్పేదానివా? డబ్బాతో పాటు ఆ ఒక్క ముక్కా రాసి పంపు.

నీ చెల్లెలు