అర వేలు ఎడం

బోధన్,
9 మార్చి 2023, గురువారం.

చిరంజీవి సంజనకు, అమ్మమ్మ రేణుకమ్మ ఆశీర్వదించి రాసే సంగతులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. మర్యాద అయిపోయింది కనుక అసలు సంగతికొస్త. నా మోకాళ్లు ఎప్పటి లెక్కనే ఉన్నయి. వరంగల్ హాస్టల్ల నీకు పోసే సాంబారు ఎట్లుంటదో రాయకు, ఊహించుకోగల. ఇది నోటితో చెప్తే నువ్వు మధ్యల నవ్వుతవు, అందుకే కాగితం మీద పెడుతున్న.

పక్కింటి తారాబాయి నీకు తెల్సు గద. చిన్నప్పుడు బీడీ ఆకు ముక్కలతో నీకు పడవలు చేసిచ్చేది. జనవరిల ఆమె కాలికి చిన్న పుండైంది. మా ఊళ్లె చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డా, మా ఒంట్ల మాత్రం చక్కెర తయారైతనే ఉన్నది. ఫిబ్రవరికల్లా రెండు వేళ్లు నల్లగైనయి. వేళ్లు తీసెయ్యాలె, పదిహేను రోజులు దాటితే విషం పైకెక్కి ప్రాణం పోతదని నిజామాబాద్ డాక్టరు చెప్పిండు. ఆమె రానంటే రానన్నది.

ఎందుకంటే, పొద్దుగూకంగనే పడమట రెండు పెద్ద చుక్కలు రోజురోజుకు దగ్గరికొస్తున్నయి. పైనది గురుడు, కిందిది శుక్రుడు. ఎన్నో ఏండ్ల కింద ఆమె అక్క అంజవ్వ పోయిన సాయంత్రం గూడ ఇట్లనే రెండు చుక్కలు ఒక్కటైనయట. ఇప్పుడు అక్క తనను తీస్కపోనీకె వస్తున్నదట. ఎట్లయినా పోయేదానికి వేళ్లు కోసుడెందుకు, ఉన్న కాలుతోనే పోత అన్నది. ఆ వాదన విని, ఈమె బీడీలు చుట్టక వకీలు కావలసింది అనుకున్న.

ఇగ ఆ ఇంట్ల చూసింది చూసినట్టు రాస్త. ఫిబ్రవరి ఇరవై నాడు పోతే గడప దగ్గర ఒక గ్లాసు ఉన్నది. చాయ్ తాగిన గ్లాసు. అక్క కోసం పెట్టించిందట. మరునాడు అది లోపల, బియ్యం డబ్బా దగ్గర ఉన్నది. ఇరవై నాలుగు నాడు మంచం కోళ్ల దగ్గర. ఎప్పుడు చూసినా ఖాళీ. కొడుకు నాగేందర్ పొద్దున ఆటో తీస్కొని పోతే మళ్ల రాత్రికే వస్తడు. గ్లాసు గడప దగ్గర్నే పెట్టి పోతున్న పెద్దమ్మా అన్నడు. తారాబాయి మంచం దిగలేదు. పిల్లి పని అనుకున్న. పిల్లి చాయ్ తాగుతదేమో గని, గ్లాసు పట్టుకొని నడవదు.

నేను ముప్పై ఒక్క ఏండ్లు సైన్సు చెప్పినదాన్ని. ఊకుంటనా? చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, వేళ్లతో చుక్కల ఎడం కొలవడం ఆమెకు నేర్పిన. మంచం పక్కన కిటికీ పడమటికే ఉన్నది. మొదటి రోజు మధ్యల పిడికిలి పట్టింది. తర్వాత మూడు వేళ్లు, తర్వాత రెండు. నా కాలివేళ్ల లెక్కనే ఒక్కటొక్కటి పోతున్నయి గదనే పంతులమ్మా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు పందెం కాసిన. అవి కలవవే, ఒకదాని వెనక ఒకటి కోట్ల మైళ్ల దూరంల ఉన్నయి, మన కంటికే దగ్గర. మార్చి ఒకటి నాడు అన్నిటికన్న దగ్గరికొస్తయి, అప్పుడు గూడ అర వేలు ఎడం మిగుల్తది అన్న. రెండుగ కనవడితే మరునాడే దవాఖానకు రావాలె, ఒకటే కనవడితే మీ అక్కతోని పో, నేను అడ్డం రాను అన్న. సరేనన్నది. కాని నువ్వే చూసి చెప్పాలె, నన్ను ఆటో ఎక్కించనీకె నా కొడుకు ఎంత అబద్ధమన్న ఆడ్తడు, నువ్వు ఆడవు అన్నది. కాలనీల నాకు ఈ పేరొకటి ఉన్నది. పెన్షన్‌తోటి వచ్చింది.

మార్చి ఒకటి, బుధవారం. చెరుకు కొట్టిన పొలాలల్ల ఆకు కాలుస్తుంటే ఇండ్లల్లకంతా ఆ వాసనే. నేను పోయేసరికి గ్లాసు ఆమె దిండు పక్కన ఉన్నది. నిండుగ ఉన్నది, పొగలు వస్తున్నయి. పొయ్యి ముట్టి చూసిన. సల్లగ ఉన్నది.

నా కండ్లకు మసక, తెల్లటి ముద్ద ఒకటే కనవడ్తున్నది, నువ్వు చూడు అన్నది తారాబాయి. కిటికీ ఊచలు పట్టుకొని చూసిన. రెండు అన్న. మళ్ల అడిగింది. రెండే అన్న. మూడోసారి ఆకాశం దిక్కు చూడలేదు, నా మొఖం చూసింది. రెండేనే, మధ్యల అర వేలు ఎడం ఉన్నది అన్న. ఆఖరికి మంచం అవతలికి తిరిగి, విన్నవా అక్కా, పంతులమ్మ రెండంటున్నది, ఇగ నువ్వు పో అన్నది. అవతల గోడ తప్ప ఏం లేదు. గడపకు అడ్డంగ పండుకున్న కుక్క మాత్రం లేచి, పక్కకు జరిగి, దారిచ్చింది.

తెల్లారి నిజామాబాద్ తీస్కపోయినం. రెండు వేళ్లు తీసేసిండ్రు, ప్రాణం దక్కింది. నర్సుతోని దుప్పటి గురించి కొట్లాడుతున్నదంటే మనిషి కోలుకుంటున్నట్టే. సైన్సు గెల్చిందని నీ దోస్తులకు చెప్పుకో. వేళకు తిను.

ఇట్లు,
అబద్ధమాడిన పిల్లల చెవులు ముప్పై ఒక్క ఏండ్లు పిండిన మీ అమ్మమ్మ,
రేణుకమ్మ.

తా.క. కవరు అంటించి మళ్ల విప్పిన. ఆ సాయంత్రం నాకు గూడ ఒకటే కనవడ్డది. రెండు కండ్లల్ల శుక్లాలు ముదిరినయని పోయినేడే చెప్పిండ్రు, మీ అమ్మకు చెప్పలేదు. మూడోసారి తారాబాయి నా మొఖం చూసి ఒట్టు పెట్టమన్నది. ఎవరి మీద అంటే, నీకు ఎవరు పానమో వాళ్ల మీద అన్నది. నీ మీద పెట్టిన సంజనా.

ఆకాశంల ఉన్నయి రెండే, అది నిజం. నేను చూసింది ఒకటే, అదీ నిజం. ఇట్లాంటి ఒట్టు తగుల్తదా లేదా అన్నది నేను చెప్పిన ఏ పాఠంల లేదు.

ఆపరేషన్ అయి కండ్లు తెరవంగనే తారాబాయి తన కాలు సంగతి అడగలేదు. మీ సంజన మంచిగున్నదా అని అడిగింది. అప్పటిసంది రోజూ అదే అడుగుతున్నది. పెట్టించుకున్న మనిషే ఒట్టు తియ్యాలె. తియ్యమని అడిగితే అబద్ధం ఒప్పుకోవాలె, ఒప్పుకుంటే ఆ పూటకే మందులు మానేస్తది. అందుకే రోజూ పోయి, పక్కన కూసొని, నోరు మూసుకొని వస్తున్న.

నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. నువ్వు మాత్రం రోజూ లేవంగనే నాకు ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడకున్నా సరే. ఊపిరి వినవడితే చాలు.