ప్లాంటు విప్పే రోజు

2016, కార్తీక సోమవారం, రాత్రి

బడి ఆవరణలో, మా ఊరి దగ్గర కట్టబోయే అణు ప్లాంటు గురించి సభ జరిగింది. అందరూ భూముల సంగతే అడిగారు. నేను లేచి, ప్లాంటు పాతబడి మూసేశాక దాన్ని విప్పేటప్పుడు ఊరివాళ్ళను దగ్గరుండి చూడనిస్తారా అని అడిగాను. మా రేవులో పాత పడవను విప్పినా ఊరంతా నిలబడి చూస్తుంది. ఏ చెక్క ఎటు పోయిందో అందరికీ తెలుస్తుంది.

ఆఫీసరు నవ్వాడు. "అది మీ మనవల కాలం నాటి మాటమ్మా."

అతను నవ్వినందుకు నాకు బాధ లేదు. ఊరి తరఫున కమిటీలో కూర్చున్న నా తమ్ముడు సూరి లేచాడు. "అప్పా, కూకో. అప్పటికి నువ్వుంతావేటి, నానుంతానేటి?"

జనమంతా నవ్వారు.

"మనం ఉండం. సముద్రం ఉంతాది కదరా," అన్నాను. అప్పటికే సూరి నా చేతిలోంచి మైకు తీసేసుకున్నాడు. వాడి కొడుక్కి ప్లాంటులో ఉద్యోగం ఇస్తామన్నారట. ఇక వాడు ఊరి తరఫున ఏం అడుగుతాడు?

సాయంత్రం దీపం పెట్టి, రోజూలాగే తోబుట్టువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుని దండం పెట్టుకున్నాను. సూరి పేరు దగ్గర నోరు రాలేదు. బదులుగా వాడి మనవరాలి పేరు చెప్పాను. దానికి ఇంకా నడకే రాలేదు. ప్లాంటు విప్పే రోజున ఈ ఒడ్డున ఉండేది అదే.