ఓరిన్ అన్నయ్య ఇచ్చిన తువ్వాలు

ఓరిన్ అన్నయ్యకు,

వయోమింగ్ వేట నుంచి నేనూ మా ఆయనా నిన్ననే ఇల్లు చేరాం. ఐస్ పెట్టెకి మూత పడనంత జింక మాంసం తెచ్చాం. ముందు ఈ మాట నీ చెవిన వేస్తే తప్ప నాకు నిద్ర పట్టదు.

గైడు లేకుండా, ఆడజింకల వేటకు మాత్రమే ఇచ్చే చవక లైసెన్సుతో, పాత వ్యానులో పడుకుని వేటాడతామంటే ఎంత నవ్వావు! పైగా వంటింటి తెల్ల తువ్వాలు నా చేతిలో పెట్టి, "ఓడిపోయాక ఇది ఊపు తల్లీ, నేనొచ్చి తీసుకుపోతా" అన్నావు.

మొదట నీ మాటే నెగ్గేలా ఉంది. మన విస్కాన్సిన్ అడవిలోలాగే అక్కడా దాక్కోబోయాం. ఆ మైదానంలో మోకాలెత్తు పొదలు తప్ప చాటే లేదు. ముళ్ల మీద పాకి మా ఆయన మోచేతులు చీరుకుపోయాయి. మేం తల ఎత్తితే చాలు, జింకలు పరుగు.

చివరికి విసిగిపోయి, వెనకాల పాకుతున్న ఆయనకి ఇక ఇంటికి పోదామని నీ తువ్వాలే ఊపాను. ముందుకు తిరిగితే, పారిపోయిన ఆడజింక ఒకటి ఆగి నన్నే చూస్తోంది. మళ్లీ ఊపాను. ఇదేమిటో చూద్దామని నడిచి నా దగ్గరికే వచ్చింది. కాల్చింది నేనే.

మా వ్యాను పక్కనే గుడారం వేసుకున్న పెద్దాయనకి ఇదంతా చెబితే, "తెల్లగుడ్డ ఊపి జింకని దగ్గరికి పిలవడం మా తాతల నాటి పద్ధతి. మీకెవరు నేర్పారు?" అన్నాడు.

"మా అన్నయ్య" అన్నాను.

ఆదివారం భోజనానికి రా. తువ్వాలు మాత్రం అడక్కు, వచ్చే ఏడాదికి కావాలి.

నీ చెల్లెలు