కోడలు పరీక్ష రాసి బయటికి వచ్చేదాకా

కె.జి.ఎఫ్.లో ఉంటున్న డెన్నిస్ గారికి చిన్నవెంకటప్ప నమస్కారం.

ముందుగా నా చేతిరాతనీ, తప్పులనీ మన్నించాలి. నేను చదివింది ఊరి కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా నాన్న నేర్పినవి, వాడక చాలా ఏళ్ళయింది. మీరు తెలుగు బైబిలు చదివేవారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఫోనులో ఇంత మాట్లాడడం నాకు చేతకాదు. మాట్లాడినా ఇంట్లో వింటారు.

బంగారుపేట తాలూకా కోడిగుట్లపల్లి కాపురస్తుడు, కీర్తిశేషుడు పెద్దమునెప్ప రెండో కొడుకు, డెబ్బై మూడేళ్ళ చిన్నవెంకటప్ప అనే నేను, తెలివి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టం కొద్దీ రాస్తున్న వీలునామా ఇది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని కోలారు డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మందులు మాత్రం పదిహేను రోజులకే రాశాడు. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మీకు అప్పగిస్తున్నాను. కొడుకు ఉండగా మీకెందుకని ఊళ్ళో అడుగుతారు. నా కొడుకు మునిశంకర్ చెడ్డవాడు కాదు. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పలేడు, అంతే. అది నా నుంచే వచ్చింది.

2. గని మూసినప్పుడు వచ్చిన డబ్బుతో నేను కొన్న ఎకరా పది గుంటల మామిడి తోట, దాని పక్కన రాగి చేను, నా తదనంతరం మునిశంకర్‌కు సర్వహక్కులతో చెందుతాయి. తూర్పు గట్టు మీది చెట్టు కాయ చూడడానికి బాగుంటుంది, తింటే పులుపు. దాన్ని కొట్టేయవద్దు. వాళ్ళ అమ్మకు ఊరగాయకు ఆ కాయే కావలసి వచ్చేది.

3. ఇంటికి ఉత్తరాన ఉన్న పట్టుపురుగుల గది, అందులోని బల్ల, ట్యూబ్‌లైటు, లోపలి గడియతో సహా, నా కోడలు ప్రేమకు ఆమె సొంత పేరున రాస్తున్నాను. ఇందులో నా కొడుక్కి గానీ, ఇంకెవరికి గానీ పాలు లేదు.

మీకు ప్రేమ సంగతి పూర్తిగా తెలియదు. మాలూరులో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు లైనులో పనిచేస్తుంది. పొద్దున బంగారుపేటలో రైలెక్కుతుంది. రోజుకు తొమ్మిది గంటలు నిలబడే పని. డిగ్రీ ఉన్నవాళ్ళనే లైను నుంచి ఆఫీసు పనికి తీసుకుంటారని విని, ఆరేళ్ళ కింద దూరవిద్యలో బి.ఏ.కి చేరింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. రైల్లో చదివేది, ఇంటికొచ్చి నాతోపాటు పురుగులకు ఆకు వేస్తూ పైకి చదివేది. పురుగులు ఆకు తింటుంటే వాన పడుతున్నట్టు చప్పుడవుతుంది, దాని మీదుగా ఆమె గొంతు వినబడాలి కదా. చరిత్ర పుస్తకంలో ఒక పాఠం మన గని మీద ఉంది. "మామా, ఇదంతా నిజమేనా?" అని అడిగింది. సగం నిజమన్నాను. మిగతా సగం చెప్పమంది. చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. నా జన్మలో నేను అంత మాట్లాడింది అప్పుడే.

నా భార్య గంగులమ్మ పోయాక పురుగులు పెంచడం మానేశాను. గది కడిగి, సున్నం కొట్టి, గడియ నేనే బిగించాను. చేతకాకనే మానేశానని అందరూ అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

4. మా అన్న బచ్చప్పకు నా కంబళి. కొత్తదే. ప్రేమ చదువుకునేటప్పుడు ఆకు నేను కోసేవాణ్ణి. అది చూసి ఆయన పాల డైరీ దగ్గర పదిమందిలో, "కోడలు బ్యాగు తగిలించుకోని పోతాంది, మామ ఆకు కోస్తాండాడు. ఇంగ చీర కూడా నువ్వే కట్టుకోప్పా" అన్నాడు. ఆ రోజు నేను తల వంచుకుని వచ్చేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. చీర కట్టుకుని కూడా ఆకు కోసేవాణ్ణి. కంబళి ఆయనకు తప్పకుండా అందాలి. ఆయనకు చలి ఎక్కువ.

5. ఇది రాయడానికే కాగితం తీశాను. పైవి రాయకపోతే వీలునామా కాదని రాశాను.

పోయిన ఏడు జూన్‌లో ప్రేమకు ఆఖరి ఏడాది పరీక్షలు. పనిచేసేవాళ్ళ కోసం ఆదివారాలే పెడతారు. పదహారో తారీకు కోలారులో పరీక్ష, పది గంటల నుంచి ఒంటిగంట దాకా. ఆమె ఆరున్నర బస్సుకు వెళ్ళింది. ఎనిమిదికి గంగులమ్మ ప్రాణం పోయింది. "కోడలు లేకుండా దీపం యెవురు పెడతారు? పిలిపించండప్పా" అన్నాడు బచ్చప్ప అన్న. మునిశంకర్ నా మొహం చూశాడు. నేనే నా ఫోను తీసి చేశాను. అప్పటికి ఆమె పరీక్ష జరిగే కాలేజీ గేటు దగ్గర ఉంది. "వస్తాను మామా" అంది, ఇంకేమీ అడగలేదు. హాల్‌టికెట్టు చేతిలో పట్టుకునే ఇంట్లోకి వచ్చింది. దీపం పెట్టింది, స్నానం చేయించింది, వచ్చినవాళ్ళకు కాఫీ కాచింది.

గంగులమ్మ తమ్ముడు హోసకోట నుంచి రావాలని శవాన్ని ఉంచారు. పరీక్ష ఒంటిగంటకు అయిపోయింది. శవం లేచింది నాలుగింటికి.

పదకొండు రోజుల మైల లోపల ఇంకో ఆదివారం వచ్చింది. అదీ పోయింది. రెండు పేపర్లు మిగిలాయి. దూరవిద్యలో చేరినవాళ్ళకు ఆరేళ్ళు గడువట. కరోనాలో రెండేళ్ళు పోయాయి. ఆ గడువు ఈ జూన్‌తో అయిపోతుంది. ఈసారి రాయకపోతే మొదటి నుంచి మళ్ళీ చేరాలి. చేరదు. ఆమె చెప్పలేదు, నాకు తెలుసు.

ఆ రెండు పేపర్లు ఈ జూన్ ఎనిమిది ఒకటి, పదిహేను ఒకటి. రెండూ ఆదివారాలే. నా ఊపిరి ఆ రోజుల్లోనే ఆగుతుందేమోనని నా భయం.

డెన్నిస్ గారూ, మా నాన్న పోయిన రోజు మీకు గుర్తుందా? నేను గనిలో ఉన్నాను. మీరు షాఫ్టు పైన, లోపలికి దిగేవాళ్ళ టోకెన్లు తీసుకుని మేకులకు తగిలించే కిటికీలో ఉండేవారు. పదకొండింటికి ఊరి నుంచి కబురు వచ్చింది. మీరు లోపలికి పంపలేదు. మూడింటికి నేను పైకి వచ్చి టోకెను కోసం చెయ్యి చాపితే, "వెంకటప్పా, మీ నాయిన పొద్దున పోయినాడప్పా. చేతిలో పనుండే మనిషికి లోపల యాడ చెప్పేదని ఆగినా" అన్నారు. ఊళ్ళో శవాన్ని నా కోసం ఉంచారు. నన్నెవరూ తప్పు పట్టలేదు. "పనిలో ఉండాడు కదా" అన్నారు. అలా అన్నవాళ్ళలో బచ్చప్ప అన్న కూడా ఉన్నాడు.

ప్రేమ చేసేదీ పనే. కాబట్టి ఈ కింది విధంగా జరగాలని శాసిస్తున్నాను.

అ) ఆమె పరీక్షకు వెళ్ళాక నేను పోతే, ఎవరూ ఆమెకు ఫోను చేయకూడదు. నాగేశ్ మీకు కబురు పెడతాడు, మీరు కోలారు వెళ్ళి గేటు దగ్గర నిలబడండి. బయటికి వచ్చాక, నాకు చెప్పినట్టే చెప్పండి. ఆదివారం మీకు చర్చి ఉంటుందని తెలుసు. మీ ఇంటావిడ ఎమిలీ గారితో నా తరఫున క్షమాపణ చెప్పండి.

ఆ) ఆమె వెళ్ళకముందే పోతే దాచవద్దు. దాచమనే మొదట రాశాను, కొట్టేశాను. పోయినసారి ఆమె బదులు నేను తీర్మానించాను, ఈసారి వద్దు. చెప్పండి, ఈ కాగితం చూపండి. నా మాట ఇది: వెళ్ళి రాసి రామ్మా. నేను ఎక్కడికీ పోను.

ఇ) బంగారుపేటలో పురుషోత్తమ్ అనే ఆయన ఫ్రీజర్ బాక్సు అద్దెకిస్తాడు. మాట్లాడి పెట్టాను. ఆమె వచ్చేదాకా నన్ను అందులో ఉంచండి. నాకు తొందర లేదు.

ఈ) నేను పోయింది ఆ రెండు ఆదివారాలకు ముందైనా, మధ్యలోనైనా, మైల ఆమెకు వర్తించదు. అది నా శవం. ఆ మాట చెప్పే హక్కు నాకుంది. దీపం మునిశంకర్ పెడతాడు. అగ్గిపుల్ల గీయడం వాడికి వచ్చు.

6. నా గని టోకెను, ఇత్తడిది, నంబరు 417, ప్రేమకు. గని మూసిన రోజు అది వాపసు ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. మీరు చూసి కూడా కిటికీలో అటు తిరిగారు. ఇన్నేళ్ళూ ఈ సంగతి మనం మాట్లాడుకోలేదు. పరీక్షకు పోయేటప్పుడు ఆమె దాన్ని తలుపు పక్క మేకుకు తగిలించి పోవాలి. అది మేకుకు ఉన్నంతసేపు మనిషి లోపల పనిలో ఉన్నట్టు. వచ్చి ఆమె చేత్తో తీసుకునేదాకా ఇంట్లో ఏం జరిగినా కబురు పోకూడదు.

7. నా సెల్‌ఫోను ఎవరికీ ఇవ్వడం లేదు. సిమ్ము తీసి విరిచేయండి. ఆ నంబరు ఆమె ఫోనులో మళ్ళీ మోగకూడదు.

8. మీకు ఇవ్వడానికి నా దగ్గర తగింది ఏమీ లేదు. నా గని టోపీ ఉంది. కొంచెం పగిలింది. తీసుకోండి.

పైన రాసినదంతా నేను తెలిసి, ఆలోచించి రాసింది. సాక్షులిద్దరూ చూస్తుండగా సంతకం చేశాను. నేను చూస్తుండగా వాళ్ళూ చేశారు. వాళ్ళకు చదివి వినిపించాను. శశికళమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమె సంతకం దగ్గర మరక దానిదే, దిద్దుబాటు కాదు.

తేదీ: 12 మే 2025, సోమవారం
స్థలం: కోడిగుట్లపల్లి

(సంతకం) పె. చిన్నవెంకటప్ప

సాక్షులు:
1. నాగేశ్, పాల డైరీ కార్యదర్శి, కోడిగుట్లపల్లి
2. శశికళ, అంగన్‌వాడీ టీచరు, కోడిగుట్లపల్లి

డెన్నిస్ గారూ, ఒప్పుకుంటున్నారో లేదో ఒక కార్డు ముక్క రాయండి. ఎక్కువ రాయనవసరం లేదు, "గేటు దగ్గర ఉంటాను" అని రాస్తే చాలు. నాగేశ్ పేరున పంపండి, నాకు తెచ్చి ఇస్తాడు. పోవడానికి నాకు తొందర లేదు, మీ జవాబుకే తొందర. జూన్ ఎనిమిదికి ముందే అందేలా వెంటనే రాయండి.