ఖావ్ వాయ్ సంతకి ఈసారి నేను

డోంగ్ వాన్,
మూడో నెల ఇరవై నాలుగు

టుంగ్ వాళ్ళ నాన్నకి,

క్షేమంగా డోంగ్ వాన్ చేరాను. బండి కూడా క్షేమమే. నువ్వు ముందు దాని సంగతే అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నాను. పెట్రోలులో నూనె నువ్వు చెప్పిన పాళ్ళలోనే కలిపాను. ఎత్తెక్కేటప్పుడు మాత్రం తడి కట్టెల పొయ్యిలా పొగ వదిలింది.

టీ కొట్టు ముందు బండి ఆపితే అక్కడ కూర్చున్న మగవాళ్ళకి పండగైపోయింది.

"ఏం వదినా, మొగుడి బండి ఎత్తుకొచ్చేశావా?" అన్నాడొకడు.

"ప్రేమ సంతకేమోరా, చూడు, కొత్త తలగుడ్డ చుట్టింది. ఆ పాత ప్రియుడికి ఇంకా పళ్ళున్నాయా వదినా?" అన్నాడు ఇంకొకడు.

"నీకంటే నాలుగు ఎక్కువే ఉన్నాయి. ముందు నీ టీ తాగు, చల్లారిపోతోంది" అన్నాను. అందరూ నవ్వి నాకు బల్ల మీద చోటిచ్చారు.

ఇక అసలు సంగతి. ప్రేమించి పెళ్ళాడలేకపోయినవాళ్ళు ఏడాదికి ఒక్కసారి ఖావ్ వాయ్ సంతలో కలుసుకుంటారు, ఇంట్లోవాళ్ళు అడ్డు చెప్పరు, తిరిగొచ్చాక ఏమీ అడగరు. మా అమ్మ అడగలేదు, మీ అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. పధ్నాలుగేళ్ళుగా నీ చొక్కా ఉతికి, బంక అన్నం అరిటాకులో కట్టి, నువ్వుల పొడి వేరే పొట్లం కట్టి, నీ పాత ప్రియురాలు ఆ మాయ్ దగ్గరికి నిన్ను నేనే సాగనంపాను. "థేమ్ ఎంత మంచిదో" అన్నారు ఇరుగుపొరుగు. నేనేమీ మంచిదాన్ని కాదు. నీ బండి చప్పుడు మలుపు దాటి వినపడకుండా పోయాక పందుల పాక వెనక్కి వెళ్ళి ఏడ్చేదాన్ని. తిరిగొచ్చేటప్పటికి నీ ముఖం వెలిగిపోతూ ఉండేది. ఆ వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నా పక్కన కూర్చున్నప్పుడు ఆ ముఖం ఏనాడూ అలా లేదు.

ఈ ఏడు మొక్కజొన్న అటక మీంచి పడి నువ్వు కాలు విరగ్గొట్టుకున్నావు. "పోనీలే, ఈసారికి మానేస్తా" అన్నావు. "పాపం, ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంటుంది, నేనెళ్ళి కబురైనా చెప్పొస్తా" అన్నాను. నీకు చెమటలు పట్టాయి. "నువ్వెందుకే, వద్దు, ఆ దారి మంచిది కాదు" అన్నావు. ఆ చెమటలు చూశాకే నిశ్చయించుకున్నాను. నీ కాలి సంగతి చెప్పడానికి నేను వెళ్ళడం లేదు. నువ్వు పోయావని చెప్తాను. చచ్చిపోయావని. ఇంక ఆవిడ ఆ సంతకి రాదు. కాలు బాగయ్యాక నువ్వు వెళ్ళినా అక్కడ నీకోసం ఎవరూ ఉండరు. పాపమే, నాకు తెలుసు. అయినా చెప్తాను. పిండికట్టుతో మంచం దిగలేవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు హుంగ్ తెచ్చిస్తాడు. మీ అమ్మకి చదివి వినిపించకు.

టుంగ్ వాళ్ళ అమ్మ


మ్యావ్ వాక్,
ఇరవై ఆరు

టుంగ్ వాళ్ళ నాన్నకి,

నిన్నంతా మంచు. ముందు చక్రం కూడా కనపడలేదు. డోంగ్ వాన్‌లోనే ఉండిపోయి ఈ పొద్దున మంచు విడిచాక మా పీ లెంగ్ కనుమ ఎక్కాను.

కుడి పక్క కొండ గోడ, ఎడమ పక్క ఏమీ లేదు. ఎక్కడో అడుగున ఏరు పచ్చటి దారప్పోగులా ఉంది. మొదటి నాలుగు మలుపులూ మనసులో నిన్ను తిడుతూ, అమ్మవార్లందరినీ తలుచుకుంటూ వెళ్ళాను. తర్వాత చేతులకి అదే తెలిసిపోయింది. మలుపుకి ముందే గేరు తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టుకోకుండా కొండ వైపే చూస్తూ పోవాలి. నువ్వు మొక్కజొన్న బస్తాలతో నాకు నేర్పింది ఇదేగా. పైకి చేరేసరికి ఇంజను దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు ఊడదీశాను. నూనె పట్టి నల్లగా ఉంది. కొత్త తలగుడ్డ కొసతో తుడిచి, బిగించి, మూడో తన్నుకి స్టార్టు చేశాను. దారిన గడ్డిమోపుతో పోతున్న మోంగ్ తెగ ముసలమ్మ ఆగి చూసింది. "నీ మొగుడికి కూడా ఇది చేతనవునా?" అంది. "ఏదో, కొంచెం" అన్నాను. మోపు కిందపడేలా నవ్వింది.

ఆవిడ వెళ్ళాక మళ్ళీ బండి ఆపేసి ఒక బండరాయి మీద కూర్చుని నా అన్నం పొట్లం విప్పాను. రాళ్ళ సందుల్లో పిడికెడు మట్టి ఉన్నచోటల్లా ఎవరో మొక్కజొన్న గింజలు పాతుతున్నారు. గాలి తప్ప చప్పుడు లేదు. మీ అమ్మ "ఉప్పేది" అనలేదు. టుంగ్ "నా చెప్పులేవి" అనలేదు. పందులు అరవలేదు. అన్నం మొత్తం నేనే తిన్నాను, వేడిగా లేకపోయినా ఎంత బాగుందో! పెళ్ళయ్యాక ఇంతసేపు నన్ను ఎవరూ ఏమీ అడక్కుండా ఉండటం ఇదే మొదలు. సంతోషం వేసింది. అవతల అలాంటి పాపపు పని పెట్టుకుని ఇదేం సంతోషమని సిగ్గూ వేసింది.

దిగుడులో ఆ మాట చెప్పడం అలవాటు చేసుకుందామని గట్టిగా అన్నాను, "పిన్ పోయాడు" అని. రెండోసారి అనేసరికి కళ్ళ నిండా నీళ్ళు. బండి పక్కకి తీసి, నువ్వు నిజంగానే పోయినట్టు ఏడ్చాను. నీ మీద ఇంత కోపం పెట్టుకుని కూడా. నువ్వంటే నాకు ఇష్టమే, అదే నా ఖర్మ. అయినా రేపు చెప్పే తీరతాను.

టుంగ్ వాళ్ళ అమ్మ


ఖావ్ వాయ్,
ఇరవై ఏడు

పిన్,

నీ మాయ్‌ని చూశాను. పాతిక లీటర్ల డబ్బాలో మొక్కజొన్న సారా పెట్టుకుని, టార్పాలిన్ పట్టా కింద కూర్చుని అమ్ముతోంది. ముందు పళ్ళు రెండు లేవు. నేను బండి స్టాండు వేస్తుంటేనే లేచి నిలబడింది.

"ఈ పొగ నాకు తెలుసు. పిన్ పెళ్ళానివా?" అంది.

"అవును. ఆయన..." అన్నాను. "ఆయన పోయాడు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. గిన్నెలో సారా పోసి నా చేతిలో పెట్టింది.

"తాగమ్మా, అలిసిపోయినట్టున్నావు. పోయినవాడు నిన్న సాయంత్రం బస్సులో కబురు పంపాడు. 'మా ఆవిడ వచ్చి నేను చచ్చానంటుంది, నమ్మకు. ఆ సంగతి మాత్రం దానికి చెప్పకు' అని. హుంగ్ సంతంతా వినపడేలా చెప్పి వెళ్ళాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు కాదు, నేను. కానీ ఆడదాన్ని కదా, చెప్పకూడని సంగతి ఒకటుందంటే ఊరుకుంటానా? "ఏ సంగతి?" అన్నాను.

మాయ్ పక్కనున్న ఆవిడకి సారా కొలిచిచ్చి వచ్చి కూర్చుంది. "ఆరేళ్ళ కిందటే మీ ఆయనకి చెప్పేశానమ్మా. మన మధ్య పందుల ధరలు తప్ప మాటలేమీ మిగల్లేదు, ఇంక రావద్దు, నాకు అమ్మకం చెడుతోంది అని. సరేనన్నాడు. మళ్ళీ ఏడు మళ్ళీ వచ్చాడు. ఒక గిన్నె తాగుతాడు, మా ఆయన ఎలా ఉన్నాడని అడుగుతాడు, ఆ తర్వాత బండి తుడుచుకుంటూ కూర్చుంటాడు. 'ఎందుకొస్తావయ్యా?' అంటే, 'దారి కోసం. నువ్వు రావద్దన్నావని ఇంట్లో తెలిస్తే బండి బయటికి తియ్యనివ్వరు' అన్నాడు."

ఆరేళ్ళు, పిన్! ఆరేళ్ళు నేను పందుల పాక వెనక ఏడ్చింది ఒక రోడ్డు కోసమా? అక్కడే నీ పేరు పెట్టి, మీ అమ్మని కూడా కలిపి తిట్టాను. మాయ్ నాకు సాయంగా నాలుగు తిట్లు అందించింది, నాకు తెలియనివి కూడా. తిట్టి తిట్టి ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆవిడ భర్త వచ్చి ఎవరీవిడ అని అడిగితే, "నా పాత ప్రియుడి పెళ్ళాం, నీకంటే బాగా తాగుతుంది" అంది.

కోపం చల్లారాక ఆలోచించాను. ఒక్కడివే దారిన పడి తిరగాలని ఉందని నువ్వు నాతో చెప్పి ఉంటే పంపేదాన్నా? పంపేదాన్ని కాదు. "పనీపాటా లేదా" అనేదాన్ని. మీ అమ్మయితే ఊరంతా చాటేది. పాత ప్రేమకైతే మన దగ్గర సెలవుంది, ఊరికే తిరగడానికి ఎవరికీ లేదు. నిన్న ఆ బండరాయి మీద కూర్చోకపోయి ఉంటే నాకిది తలకెక్కేది కాదు. నీ ముఖంలో ఆ వెలుగు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. అందుకని నిన్ను క్షమించానని అనుకోకు. నాతో చెప్పనందుకు ఇంకా కోపంగానే ఉంది, చాలాకాలం ఉంటుంది.

రేపు ఇంటికి రావడం లేదు. ఇక్కణ్ణించి నియెమ్ సన్ మీదుగా బావో లాక్ వెళ్ళే దారి ఉందిట, ఏటి వెంటే పోతుందిట. ఎప్పటికైనా ఆ దారి చూడాలని నువ్వు అంటూ ఉండేవాడివే, అదే. మాయ్ నాకు అన్నం కట్టిచ్చింది. పెట్రోలు నింపుకున్నాను, నూనె పాళ్ళు సరిగానే కలిపాను. పందులకి అరటి దవ్వ మీ అమ్మ కోస్తుంది. టుంగ్ చెప్పులు మంచం కింద ఉంటాయి, ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

ఎప్పుడొస్తానో రాయను. వచ్చినప్పుడు నా ముఖం వెలిగిపోతూ ఉంటే చూసి ఊరుకో. ఎక్కడికెళ్ళావు, ఏం చేశావు అని అడక్కు. మన ఆచారం ఒప్పుకోదు.

థేమ్