మూయని కన్నం

జూన్ 3

ప్రియమైన మావయ్యగారికి,

మేం కొండమీది ఆసుపత్రికి వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ ఫోన్ పలకదు. అందుకే మందుల లారీతో ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ అబ్బాయి వార్డులో నర్సుగా కుదురుకున్నారు. నేనే ఇంకా కుదురుకోలేదు.

ఆసుపత్రికి ఉన్న ఒకే ఒక్క ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మరమ్మతులు చూడమని నాకు అప్పగించారు. పై ఊళ్ల నుంచి రోగుల్ని దించేది అదే. గేర్‌బాక్స్‌కీ, దాని వెనకే ఉండి ముందు చక్రాలకు కూడా బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య అతుకు దగ్గర నూనె కారుతోంది. రెండింటినీ విడదీసి గేర్‌బాక్స్ వెనక, నూనెను ఆపే రబ్బరు సీల్ కొత్తది వేశాను. నాలుగు రోజులు పొడిగా ఉంది. అయిదో రోజు పై ఊరికి వెళ్లొచ్చాక మళ్లీ కారింది. మరో సీల్ వేశాను. మళ్లీ అదే వరస.

పెద్ద డాక్టరమ్మ రోజూ సాయంత్రం బండి కింద తెల్ల కాగితం పరిచి, పొద్దున్నే వచ్చి మరకలు చూస్తారు. "నెలాఖరుకి కాగితం తెల్లగా ఉండాలమ్మా. లేకపోతే బండిని కింద ఊరి షెడ్డుకి అప్పగిస్తాను. నీ పోస్టు ఉండదు" అన్నారు. నేను సీల్ వంకరగా కొట్టానని డ్రైవర్ వంటగది దాకా వెళ్లి చెప్పొచ్చాడు. మీరు నేర్పినట్టు నాలుగు వైపులా సమానంగానే కొట్టాను. ఇంకేం చూడమంటారు?

మీ కోడలు

జూన్ 8

అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య పైకి చదివి, "వంకర నా కోడలి చేతిలో లేదు, ఆ డ్రైవర్ నోట్లో ఉంది" అని రాయమంది. రాశాను.

నా షెడ్డులో ఆరేళ్లు పనిచేశావు. నీ చెయ్యి నాకు తెలుసు. అతుకు అడుగున చిటికెనవేలి గోరంత కన్నం ఉంటుంది. దాన్లో గమ్ము దట్టించు. నేల మీద చుక్క పడదు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. ఒక్క బండీ తిరిగి రాలేదు. నీ నెలాఖరు గండం గడుస్తుంది.

ఆశీస్సులతో,
మావయ్య

జూన్ 13

ప్రియమైన మావయ్యగారికి,

తిట్లకు సిద్ధపడే రాస్తున్నాను. కన్నం మూయలేదు.

గమ్ము ట్యూబు మూత తీసిన మాట నిజం. మూసే ముందు రెండు పెట్టెల్లోనూ నూనె మట్టం చూశాను. గేర్‌బాక్స్‌లో గ్లాసుడు తగ్గింది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో సరిగ్గా ఉంది. సీల్ తప్పిందని మనకు తెలియడానికే కదా ఆ కన్నం పెట్టారు? మూసేస్తే నూనె అవతలి సీల్ దాటి ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి పోతుంది. కాగితం తెల్లగానే ఉంటుంది. గేర్‌బాక్స్ లోపల ఎండిపోతుంది. ఏదో ఒక రోజు రోగితో దిగుతుండగా లోయ అంచున గేర్లు బిగుసుకుని పట్టేస్తుంది.

పోస్టు పోతే పోనీ, ఆ పని చేయలేను. మీ అబ్బాయిని అడిగితే "మా నాన్నకి ఎదురు చెప్పిన మొదటి మనిషివి నువ్వే. నన్ను మధ్యలోకి లాగకు" అన్నారు.

మీ కోడలు

జూన్ 18

అమ్మాయికి,

ఉత్తరం అందింది. ముప్పై ఏళ్ల పనికి వంక పెట్టావు. బండి నీది, చెయ్యి నీది. ఇక నన్ను అడగాల్సిన పని లేదు. మీ అత్తయ్య రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. అదీ నీ చలవే.

మావయ్య

జూన్ 30

ప్రియమైన మావయ్యగారికి,

కోపం తగ్గకపోయినా ఇది చదవండి.

ఏ రోజు ఎక్కడికి వెళ్లాడో డ్రైవర్ చేత చెప్పించాను. చదును దారిలో తిరిగిన రోజు చుక్క లేదు. పై ఊరి ఎత్తు ఎక్కిన రోజే కారింది. మర్నాడు నేనూ బండెక్కాను. పైన ఆగాక, గేర్‌బాక్స్‌లో నూనె పోసే బిరడాను గుడ్డతో పట్టుకుని వదులు చేశాను. బుస్సుమంది. డ్రైవర్ "పాము! పాము!" అని గెంతాడు.

లోపల గాలి బిగిసి ఉంది. వేడెక్కిన గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూతిలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. నేను రాకముందు బండి ఆరు నెలలు మూలన పడి ఉందట. ఎత్తు ఎక్కి వేడెక్కినప్పుడల్లా దారి లేని గాలి నూనెను సీల్ దాటించి తోసింది. రెండుసార్లు కిందంతా విప్పాను కానీ పైన గొట్టం చూడలేదు. ఆ తప్పు నాదే.

గొట్టం మార్చి ఎత్తుగా కట్టాను. సీల్ కొత్తది వేశాను. తొమ్మిది రోజుల్లో బండి ఎనిమిదిసార్లు ఎత్తు ఎక్కింది. కాగితం మీద మరక లేదు. కన్నం తెరిచే ఉంది. డాక్టరమ్మ కాగితం తిరగేసి కూడా చూసి, "నీ పోస్టు నీదే. కాగితం మాత్రం పరుస్తూనే ఉంటాను" అన్నారు. డ్రైవర్ ఇప్పుడు నన్ను మేస్త్రమ్మా అంటున్నాడు.

ముందు కొలిచి, తర్వాత చెయ్యి పెట్టమని నేర్పింది మీరే. ఆ గర్వంతోనే మీకు ఎదురు చెప్పాను.

మీ కోడలు

జూలై 9

మా మేస్త్రమ్మకి,

పద్దెనిమిదిన ఆ నాలుగు ముక్కలూ పోస్టు చేసి వచ్చి, గమ్ము పెట్టిన బండ్లు గుర్తొచ్చినన్ని రాసుకున్నాను. పదకొండు తేలాయి. నేనే ఇంటింటికీ వెళ్లి పిలిచాను. తొమ్మిది వచ్చాయి. ఏడింటిలో గేర్‌బాక్స్ మట్టం తక్కువగా ఉంది. పాలు మోసే బండిలో సగమే ఉంది. రాని రెండూ ఎప్పుడో పట్టేశాయట. యజమానులు వేరే షెడ్డుకి తీసుకెళ్లారు. ఒక్క బండీ తిరిగి రాలేదని నీకు రాశానే, దానర్థం ఇదీ.

తొమ్మిదింటికీ కన్నాలు తెరిచాను. "ఇన్నాళ్లకి ఎలా తెలిసింది మేస్త్రీ?" అని అడిగారు. "మా కోడలు చెప్పింది" అన్నాను. మొదటి మనిషికి రెండోసారి అడిగాకే చెప్పాను. ఆఖరి మనిషికి అడక్కుండానే చెప్పాను. విని మీ అత్తయ్య నోరు విప్పింది. "ఇంకోసారి అనండి" అంది.

ఒక బండి లొంగడం లేదు. బ్రీదర్ శుభ్రంగా ఉంది. సీల్ కొత్తదే. చదును దారిలోనూ చుక్క పడుతోంది. లోపల తిరిగే షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోటికి తగిలేంత గాడి ఉంది. గాడి మీద ఆనకుండా సీల్‌ను కాస్త లోపలికి జరిపి కొట్టమంటావా, షాఫ్టే మార్చమంటావా? నువ్వు చెప్పేదాకా విప్పింది విప్పినట్టే ఉంచుతాను.

మావయ్య